ఆకలి లేదని ధ్రువీకరించడమైనది

మా నగరానికి ఎప్పుడూ ఏదో ఒక జ్వరం వస్తూ ఉంటుంది. మలేరియా సంగతి కాదు నేను చెప్పేది, అది ఎలాగూ ఉంటుంది. ఇది పెద్దవాళ్ళకు వచ్చే జ్వరం. ఆమధ్య సైకిళ్ళ జ్వరం వచ్చి బీచి రోడ్డు పొడవునా పచ్చరంగు బాట వేశారు. ఇప్పుడు ఆ బాట మీద మురీ మిక్చరు బళ్ళు వరసగా నిలబడుతున్నాయి. సైకిళ్ళవాళ్ళు మామూలుగానే రోడ్డు మీద పోతున్నారు. ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ జ్వరం తగ్గీ తగ్గకముందే రుచి జ్వరం పట్టుకుంది.

నగర ప్రతిష్ఠా మండలి అని మాకో ఆఫీసుంది. నగరానికి ప్రతిష్ఠ తేవడం దాని పని. నేనక్కడ సూపరింటెండెంటుని, పేరు కొయిలాడ అప్పలస్వామి. మండలికి ప్రత్యేకాధికారి చక్రధరరావు గారు. చాలా చదువుకున్నవారు, మంచివారు కూడా, ఎవరినీ కసిరి ఎరగరు. మామూలు మాట మాట్లాడడం మాత్రం ఆయనకు చేతకాదు. ఫ్యాను తిరగడం లేదని చెప్పాలంటే "గాలి సరఫరా విషయమై యంత్రము ఉదాసీనంగా ఉన్నది" అంటారు. ఆ మాట మాకు అర్థమయ్యేలోపల కరెంటు వచ్చేది.

ప్రపంచంలో ఏ ఊళ్ళో తిండి గొప్పదో చూసి 'రుచి నగరం' అని బిరుదిచ్చే బృందం ఒకటి విదేశాల నుంచి వస్తోందట. వాళ్ళకు ఇడ్లీ, అట్టు చూపిస్తే పరువు పోతుందని పైవాళ్ళ భయం. బీచి వైపు మండలి కట్టించిన భవనాల్లో కొత్త తరహా భోజనశాలలు నాలుగున్నాయి. పళ్ళెం బండి చక్రమంత, అందులో తిండి గోరంత ఉండే రకం. వాటిలో ఉత్తమమైనది ఎంచి బృందానికి చూపించాలనీ, అన్నిటికన్నా తక్కువ మార్కులు వచ్చినవాళ్ళ చేత భవనం ఖాళీ చేయించాలనీ తాఖీదు వచ్చింది. ఎంపిక సంఘానికి చక్రధరరావు గారు అధ్యక్షులు, నేను కన్వీనర్ని.

నిజం చెప్పొద్దూ, ఆ రోజు నా ఆనందానికి అంతులేదు. నేను పుట్టు తిండిపోతుని. అలాంటి హోటళ్ళ అద్దాల్లోంచి లోపలికి చూడడమే తప్ప గడప తొక్కింది లేదు. ఇప్పుడు ప్రభుత్వమే పిలిచి కూర్చోబెట్టి తినమంటోంది. మొదటి పరీక్ష 'భూగర్భం' అనే హోటల్లో. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా వెళ్ళాను.

అక్కడ అంతా చీకటి. పళ్ళేలకు బదులు పూలకుండీలు తెచ్చి పెట్టారు. వేయించిన నువ్వులు, మినుములు పొడిచేసి మట్టిలా పరిచి, దాని మీద ఒక చిన్న మొక్క నాటారు. పైపొర వరకే తినాలనీ, కిందిది నిజం మట్టి అనీ వడ్డించినాయన చెప్పాడట. ఆ చెప్పింది ఇంగ్లీషులో చెప్పాడు, అదీ నాలుగు మెతుకులు పడక చెవులు గింగుర్లెత్తుతున్న మనిషితో. నేను కుండీ అడుగు కనపడేదాకా తిన్నాను, మొక్కతో సహా. పదికి పది వేశాను.

పక్కన కూర్చున్న చక్రధరరావు గారు అది చూశారు. మర్నాడు సమావేశం పెట్టారు.

"'ఆకలి రుచెరుగదు' అనునది తరతరాల ప్రజానుభవము. నిన్నటి దినము కన్వీనరుగారు దానిని కుండీ సాక్షిగా నిరూపించినారు. కావున ఆకలిగొన్న సభ్యుడు రుచి నిర్ణయమునకు అనర్హుడు," అన్నారు.

అది సామెత కదండీ అన్నాను నేను. సామెత కాబట్టే దానిమీద అప్పీలు లేదన్నారు ఆయన. మిగిలిన సభ్యులు తలలూపారు. మా ఆఫీసులో తలలూపడానికి వేరే కారణం అక్కర్లేదు.

ఆ రోజు నుంచి పూర్వభోజనం అనే పద్ధతి వచ్చింది. పరీక్షకు బయల్దేరే ముందు ఆఫీసులోనే సభ్యులందరికీ ఆకులు వేసి పప్పు, గుత్తివంకాయ, చేపల పులుసు, గడ్డ పెరుగుతో కడుపు నిండా పెట్టేవారు. మొహమాటపడ్డవాళ్ళకు మారు వడ్డించే బాధ్యత కూడా కన్వీనరుదే. ఆకలి పూర్తిగా పోయిందని తేలితేనే జీపు ఎక్కించేవారు.

తేల్చడానికి డాక్టర్ ఇందుశేఖర్ గారిని దోమల నివారణ విభాగం నుంచి తెప్పించారు. ఆయన మొదట మా పొట్టల మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు. చప్పుడు వస్తే ఆకలి అనుకున్నారు పాపం. కానీ మారు మీద మారు వేయించుకున్న సభ్యుడి పొట్టలో ఖాళీ పొట్టకన్నా పెద్ద చప్పుడు వచ్చింది. దాంతో ఆలోచించి, బజ్జీ పరీక్ష కనిపెట్టారు. అప్పుడే నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జీ మనిషి ముక్కు దగ్గర పట్టుకుని గొంతు వైపు చూస్తారు. గుటక పడితే ఆకలి ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. చల్లారిన బజ్జీతో పరీక్ష చెల్లదు గనక వేయించడానికి ఒక మనిషిని, పొయ్యిని కూడా మంజూరు చేశారు. పరీక్షయ్యాక ఆ బజ్జీలు ఏమవుతున్నాయని నేను అడగలేదు. కొన్నాళ్ళకు డాక్టరు గారి కోటుకి గుండీలు పట్టడం మానేశాయి.

ఇక మా పరీక్షలు చూడాలి. 'శూన్య' అనే హోటలుకు వెళ్ళాం. పెద్ద పళ్ళెం మీద గాజు బుడ్డి బోర్లించి తెచ్చారు. బుడ్డి ఎత్తగానే గుప్పున పొగ వచ్చింది. వంటకం ఎక్కడుందని వెతుకుతుంటే, ఆ పొగే వంటకమనీ, దాని పేరు 'కాల్చిన వంకాయ తలపు' అనీ చెప్పారు. కడుపులో అసలు వంకాయ అప్పటికే సర్దుకుని కూర్చుని ఉంది గనక మా ప్రాణాలు లేచి వచ్చాయి. తినే పని లేదు. అందరం నిండుగా మార్కులు వేశాం. భుక్తాయాసమునకు ఎట్టి విఘాతమూ కలిగించని మహత్తర వంటకమని అధ్యక్షులు మెచ్చుకున్నారు.

'ప్రతిధ్వని'లో చెవులకు యంత్రాలు తగిలించి సముద్రపు హోరు వినిపించారు. దాంతోపాటు ఒక్క రొయ్య. కిటికీ తీస్తే ఎదురుగా సముద్రమే ఉంది, అయినా అది రికార్డు చేసిన సముద్రం కాదు కదా. ఆ హోరుకు సభ్యులందరం హాయిగా నిద్రపోయాం. లేచి అక్కడా మంచి మార్కులే వేశాం. 'భూగర్భం'లో రెండోసారి పరీక్ష పెట్టినప్పుడు కుండీలను కంటితో చూసి నమస్కారం చేసి వచ్చేశాం.

నాలుగోది 'ఎదురుచూపు'. దాన్ని నడిపేది వినీల అనే అమ్మాయి. భీమిలి దగ్గర పుట్టి, ఎక్కడెక్కడో దేశాల్లో వంట నేర్చుకుని వచ్చింది. ఆవిడ పద్ధతే వేరు. ముందు చిన్న కప్పులో చింతచిగురు చారు ఇస్తుంది, తేటగా, పుల్లగా. అది ఆకలిని లేపడానికట. తర్వాత చాలాసేపు ఏమీ పెట్టదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి.

మాకేమో లేపడానికి ఆకలి లేదు. చారు తాగగానే ఒక సభ్యుడికి పుల్లటి తేన్పు వచ్చింది. ఆ తర్వాతి ఖాళీ సమయాన్ని 'సేవాలోపం' కింద రాసుకున్నాం. ఆపైన ఒకటొకటిగా ఏవేవో చక్కటి వంటకాలు వచ్చాయి. వాటిని చూస్తేనే మాకు ఆయాసం. వేలితో అటు జరిపి ఇటు జరిపి తిప్పి పంపేశాం. అన్నిటికన్నా తక్కువ మార్కులు ఆవిడకే పడ్డాయి.

ఇంతటితో ఆగినా బాగుండేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆకలిగొన్న సభ్యుడి మాట చెల్లకపోతే ఆకలిగొన్న ఖాతాదారుడి మాట మాత్రం ఎలా చెల్లుతుందని చక్రధరరావు గారికి ఆలోచన వచ్చింది. ఆకలితో వచ్చినవాళ్ళు ఏది పెట్టినా బాగుందంటారు, దానివల్ల నగరపు రుచి ప్రమాణాలు పడిపోతాయి. అందుకని జాబితాలో ఉన్న నాలుగు హోటళ్ళ గుమ్మాల్లోనూ 'ఆకలిగొన్నవారికి ప్రవేశం లేదు' అని బోర్డులు పెట్టించారు. ఒక్కో బోర్డు కింద బజ్జీలు పట్టుకుని ఒక్కో ఉద్యోగి.

జనం చాలా త్వరగా అలవాటు పడ్డారు. హోటలుకు వెళ్ళే రోజు ఇంట్లో పెందరాళే వండుకునేవాళ్ళు. తీరిక లేనివాళ్ళు హోటలు పక్కనే వెలసిన టిఫిన్ బళ్ళ దగ్గర పెసరట్టు ఉప్మా లాగించి, మూతి తుడుచుకుని లోపలికి వెళ్ళేవాళ్ళు. మిగతా మూడు హోటళ్ళకూ ఏ నష్టమూ రాలేదు. వాళ్ళ దగ్గరకు తినడానికి వెళ్ళేవాళ్ళు మొదట్నుంచీ తక్కువే, ఫొటోలకే ఎక్కువ. వినీల పని మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. ఆవిడ చారు పొయ్యి మీద మరిగి మరిగి ఇగిరిపోయేది.

ఒకనాడు ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఏడుస్తుందేమో, ఏం చెప్పాలిరా భగవంతుడా అని నేను బిక్కుబిక్కుమంటున్నాను. ఏడవలేదు.

"ఏటనుకోకండి సార్. నా వంటంతా ఆకలి మీద కట్టిందండి. అది తీసేసి తింటే ఇంకేటుంటాది? భవనం పోతే నాకు మళ్ళీ ఇలాటి వంటిల్లు దొరకదు. ఒక్కసారి ఆకలితో వచ్చి తినండి. అప్పుడు బాగోలేదనండి, తాళాలు నేనే తెచ్చిచ్చేస్తాను," అంది.

రూలు ప్రకారం కుదరదని చెప్పి పంపించాను. పంపించాక ఆ పూట పూర్వభోజనం సయించలేదు.

ఆదివారం మధ్యాహ్నం, బజ్జీ ఉద్యోగి సెలవులో ఉన్నప్పుడు, మా ఇంటావిడ పైడమ్మను తీసుకుని 'ఎదురుచూపు' పెరటి గుమ్మం దగ్గరకు వెళ్ళాను. పైడమ్మ పొద్దుట కాఫీ కూడా తాగలేదు. హోటలుకు దొంగల్లా పెరటిదారిన వెళ్ళడమేమిటని దారంతా సణుగుతూనే వచ్చింది.

మొదట ఆ చారే వచ్చింది. అదే చారు, కానీ నేను అంతకుముందు తాగింది అది కాదు. నాలిక కింద ఎక్కడో దాక్కున్న ఆకలి లేచి కూర్చుంది. తర్వాత ఏమీ రాలేదు. వంటింట్లోంచి వాసన మాత్రం వచ్చింది. ముందు ఆవాలు చిటపటలాడిన వాసన, ఆ తర్వాత చేప చర్మం కాలుతున్న వాసన. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. పైడమ్మ సణగడం మానేసింది. అప్పుడు తెచ్చింది వినీల, అప్పడంలా పల్చటి చోడిరొట్టె, అంటే రాగిరొట్టె, దాని మీద వంజరం చేప ముక్క. అది నోట్లో వేసుకోగానే కరకరమని విరిగి, ఆ వెంటనే కరిగిపోయింది. అది అయిపోయిందే అని బెంగ పడుతుండగా పచ్చిమామిడిలో ఉడికిన రొయ్యలు వచ్చాయి. ఆఖరున చోడి సంకటి ముద్ద, చుట్టూ తేనెలా చిక్కబడ్డ పులుసు. సంకటికి, పులుసుకి అంత రుచి ఉందని ఈ వయసు దాకా నాకు తెలియదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సిగ్గుపడకుండా చెబుతున్నాను, అంత సంతోషంగా నేనెప్పుడూ అన్నం తినలేదు.

పైడమ్మ వినీల చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. బయటికి వచ్చాక నాతో ఒకే ఒక మాట అంది. ఈ పిల్ల కొట్టు మూయించేసి ఇంటికొచ్చావంటే నీకు కంచం పెట్టను అని.

చివరి సమావేశంలో లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగింటిలోనూ వంట అన్నది జరిగేది ఒక్క 'ఎదురుచూపు'లోనే, దాన్నే బృందానికి చూపిద్దామని బతిమాలాను. చక్రధరరావు గారు శ్రద్ధగా విన్నారు.

"సదరు భోజన సమయమున తాము ఆకలిగా ఉండినారా?" అని అడిగారు.

"ఉన్నానండి."

"అయినచో తమకు నచ్చినది వంటకము కాదు, ఆకలి. తమ సాక్ష్యము చెల్లదు," అన్నారు జాలిగా.

నా ఓటు కొట్టేశారు. 'శూన్య' ఎంపికైంది. బృందం వచ్చి వెళ్ళిన తర్వాత 'ఎదురుచూపు' భవనం స్వాధీనం చేసుకోవాలని తీర్మానించారు.

బృందం వచ్చింది. ముందు నడిచినావిడ ఆరడుగుల మనిషి, విమానంలో ఏమీ తినలేదట. 'శూన్య' గుమ్మంలో బజ్జీ ఉద్యోగి ముక్కు దగ్గర బజ్జీ పట్టుకున్నాడు. అది పరీక్ష అని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, స్వాగతం కాబోలనుకుని చటుక్కున అందుకుని తినేసింది. ఇంకోటి అడిగింది. వెనకాల వాళ్ళూ చేతులు చాపారు. మూకుడు ఖాళీ అయింది. ఆ తర్వాత ఎవరి గొంతులోనూ గుటక పడలేదు గనక అందరినీ లోపలికి వదిలారు. గాజు బుడ్డి ఎత్తగానే పొగ పీల్చి దగ్గుతూ బయటికి వచ్చేశారు.

రుచి బిరుదు రాలేదు. రాకపోగా ఇంకోటి వచ్చింది. మా రిజిస్టర్లు తిరగేసి, ఈ నగరంలో భోజనశాలల్లో అడుగుపెట్టిన వేలాది మందిలో డాక్టరు పరీక్ష ప్రకారం ఒక్కరికీ ఆకలి లేదనీ, ప్రపంచంలో ఇలాంటి ఊరు ఇంకోటి లేదనీ మెచ్చుకుంటూ 'ఆకలి లేని నగరం' అన్న బిరుదు ఇచ్చారు. ఆకలి ఉన్నవాళ్ళను గుమ్మంలోంచే పంపేశామని వాళ్ళకు చెప్పే అవసరం మాకు కలగలేదు. ఊళ్ళో బాణాసంచా కాల్చారు. చక్రధరరావు గారికి శాలువా కప్పారు.

బిరుదంటే మాటలా? నిలబెట్టుకోవాలి కదా. లేని రోగానికి మందెందుకని ముందు మా ఆఫీసు క్యాంటీను మూయించారు. తర్వాత మధ్యాహ్న భోజన విరామం ఎత్తేశారు. ఆఫీసు ఆవరణలో ఆకలేస్తోందని అనడం నగర ప్రతిష్ఠకు భంగకరమన్నారు. మేం మనుషులం, ఉపాయం చూసుకున్నాం. బీరువాల్లో టిఫిను క్యారియర్లు, ఫైళ్ళ మధ్య పులిహోర పొట్లాలు చేరాయి. ఫైలు తిరగేస్తే కాగితాల మీద పసుపు మరకలు. చక్రధరరావు గారు మాత్రం నిజాయితీపరులు. తానిచ్చిన ఆర్డరును తాను పాటించిన అధికారిని నా సర్వీసులో ఆయన్నొక్కరినే చూశాను. పొద్దుట వచ్చి సాయంత్రం దాకా మంచినీళ్ళతో కూర్చునేవారు. శాలువా భుజాల మీద వదులైపోయింది.

అలాంటి ఒక మధ్యాహ్నం భవనం స్వాధీనానికి బయల్దేరాం. చక్రధరరావు గారు, డాక్టరు గారు, తాళం కప్పా లక్కా పట్టుకుని నేను. డాక్టరు ఎందుకంటే, సీలు వేసే సమయానికి అక్కడ ఆకలిగా ఉన్న మనిషి ఒక్కడు కూడా లేడని ధ్రువీకరించాలని కొత్త రూలు వచ్చింది. రేపు పేపర్లో వేరేగా రాకుండా జాగ్రత్త అన్నమాట. పైడమ్మ అన్న కంచం మాట తలుచుకుని నేను అందరికన్నా వెనక నడిచాను.

ఎండ మాడ్చేస్తోంది. గుమ్మం తీసే ఉంది. లోపల వినీల తన దగ్గర పనిచేసేవాళ్ళకు ఆఖరిసారి వండి పెట్టి పంపించేసినట్టుంది, బల్లలన్నీ తుడిచి ఉన్నాయి. పొయ్యి మీద పులుసు ఇంకా సన్నగా ఉడుకుతోంది. ఆ వాసన గుమ్మం దాటి మా దాకా వచ్చింది.

చక్రధరరావు గారు కాగితం తీసి చదవడం మొదలుపెట్టారు. "ఇందుమూలముగా సదరు ఆవరణమును..." అని ఆగారు. గొంతు సవరించుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి గుటక పడింది. పెద్ద గుటక, నాకు వినపడింది. నేను డాక్టరు గారి వైపు చూశాను. డాక్టరు గారు సముద్రం వైపు చూశారు.

వినీల చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. తాళాలు తెస్తుందనుకున్నాను. ఆవిడ చక్రధరరావు గారి ముఖం వైపు చూసింది. ఎండకు చెమట పట్టి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వంటిల్లు పోతున్న మనిషి అడగాల్సిన ప్రశ్న కాదు అది, అయినా మన ఇళ్ళల్లో గుమ్మంలోకి ఎవరొచ్చినా అడిగేదే అడిగింది.

"భోంచేశారా సార్?"

చక్రధరరావు గారు నోరు తెరిచారు. మధ్యాహ్న ఆహార స్వీకరణ విషయమై ఏదో చెప్పబోతున్నారని నాకు తెలుసు. చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"లేదమ్మా," అన్నారు. "ఆకలేస్తోంది."

డాక్టరు గారు స్టెతస్కోపు మెళ్ళోంచి తీసి సంచీలో వేసుకున్నారు. రూలు ప్రకారం సీలు వెయ్యడానికి వీల్లేదండీ అన్నారు, ఎవరితోనో తెలియకుండా. వినీల పక్కకు జరిగి దారిచ్చింది. ముందు చక్రధరరావు గారు చెప్పులు విప్పి లోపలికి వెళ్ళారు, ఆ వెనక డాక్టరు గారు. తాళం కప్ప ఎక్కడ పెట్టాలో తోచక, చేత్తోనే పట్టుకుని, వాళ్ళ వెనకాల నేనూ వెళ్ళాను.